అండమాన్‌లో సైనిక రోబోలు: ఏ పనికి పనికొస్తాయి? తయారీ కంపెనీలకు వ్యాపారం ఎక్కడుంది?

2025 జనవరి 15న పుణేలో జరిగిన ఆర్మీ డే పరేడ్‌లో నాలుగు కాళ్ల రోబోలు సైనికులతో పాటు కవాతు చేశాయి. సైన్యం వాటిని 'మ్యూల్' అని పిలుస్తోంది. అంటే కంచర గాడిద. అత్యవసర కొనుగోలు అధికారాల కింద ఇలాంటివి 100 తీసుకుంది. దాదాపు 15 కిలోల బరువు మోస్తూ మైనస్ 40 నుంచి 55 డిగ్రీల వరకు పనిచేయడం వీటి ప్రత్యేకత. ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది, కొనేటప్పుడు హిమాలయాలు, రాజస్థాన్ ఎడారి మనసులో ఉన్నాయని.

భారత్‌కు మరో రకం సరిహద్దు కూడా ఉంది. అక్కడ మంచు ఉండదు. ఉప్పుగాలి, ఎడతెరిపి లేని వాన, మడ అడవి, తడి ఇసుక ఉంటాయి. అదే అండమాన్ నికోబార్ దీవులు. కొండల కోసం కొన్న యంత్రం అక్కడ నిలుస్తుందా? నిలవకపోతే ఎలాంటిది కావాలి? దాన్ని తయారుచేసే హైదరాబాద్, చెన్నై, పుణే కంపెనీలకు గిట్టుబాటవుతుందా?

క్లుప్తంగా చెప్పాలంటే, దీవుల్లో అవసరమైనవి బరువులు మోసే, బాంబులు తీసే, కాపలా కాసే రోబోలు. తుపాకీ పట్టినవి ఆ తర్వాతి మాట. దీవుల ఆర్డర్లనే నమ్ముకుని ఏ కంపెనీ బతకలేదు. కానీ అక్కడి పరీక్షలో నెగ్గిన యంత్రాన్ని ఎక్కడైనా అమ్ముకోవచ్చు.

సైనిక రోబో అంటే ఏమిటి?

మనిషి లోపల కూర్చోకుండా నేల మీద కదిలే సైనిక వాహనాలను మానవరహిత భూతల వాహనాలు లేదా యూజీవీలు అంటారు. కదిలే తీరును బట్టి ఇవి మూడు రకాలు: చక్రాలవి, ట్యాంకు మాదిరి గొలుసు పట్టాలవి, కాళ్లవి. నడిపే తీరును బట్టీ మూడు రకాలే. కొన్నింటిని ఆపరేటర్ దూరం నుంచి అడుగడుగునా నడపాలి. కొన్ని గమ్యం చెబితే దారి తామే వెతుక్కుంటాయి. మరికొన్ని లక్ష్యాన్ని కూడా తామే ఎంచుకుంటాయి. ఈ చివరి రకం చుట్టూనే ప్రపంచవ్యాప్తంగా వివాదం నడుస్తోంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. సోవియట్ సైన్యం 1930లలోనే రేడియోతో నడిచే ట్యాంకులను తయారుచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ 'గోలియత్' అనే చిన్న పేలుడు వాహనాన్ని వాడింది. యూజీవీలకు నిజమైన గిరాకీ మాత్రం 2000 తర్వాత, అఫ్గానిస్తాన్, ఇరాక్‌లలో రోడ్డు పక్కన పాతిన బాంబులతో వచ్చింది. అమెరికా కంపెనీ ఐరోబోట్ తయారుచేసిన 'ప్యాక్‌బోట్' లాంటివి సైనికుడి బదులు బాంబు దగ్గరికి వెళ్లాయి.

ఉక్రెయిన్ యుద్ధం దీన్ని మరో మెట్టు ఎక్కించింది. 2024 డిసెంబరులో ఖార్కివ్ దగ్గర లిప్ట్సీ గ్రామం వద్ద ఉక్రెయిన్‌కు చెందిన ఖార్తియా బ్రిగేడ్ పదాతి దళం లేకుండా డ్రోన్లు, భూతల రోబోలతోనే దాడి చేసినట్టు ప్రకటించింది. వార్తల్లోకి ఎక్కింది ఆ దాడే అయినా, అక్కడి రోబోలు రోజూ చేసేది ఎక్కువగా ముందు వరుసకు మందుగుండు, నీళ్లు, తిండి చేరవేయడం, గాయపడిన వారిని వెనక్కి తేవడం. అండమాన్ గురించి ఆలోచించేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఈ రోజువారీ పనినే.

భారత్‌లో ఇప్పటివరకు

దేశీయ రోబోల్లో మొదట పేరు తెచ్చుకుంది 'దక్ష్'. పుణేలోని డీఆర్‌డీవో ఇంజినీర్ల ప్రయోగశాల దీన్ని రూపొందించింది. బాంబును దూరం నుంచి పరిశీలించి, ఎక్స్‌రే తీసి, నీటి ధారతో నిర్వీర్యం చేస్తుంది. సుమారు 500 మీటర్ల దూరం నుంచి నడపవచ్చు. మెట్లు ఎక్కగలదు. సైన్యం తొలి విడతగా 20 తీసుకుంది. 2011 నుంచి అందజేత మొదలైంది.

రెండోది 'మంత్ర'. చెన్నై సమీపంలోని ఆవడిలో ఉన్న డీఆర్‌డీవో యుద్ధ వాహనాల ప్రయోగశాల 2017లో దీన్ని చూపింది. నిఘాకు ఒకటి, మందుపాతరల గుర్తింపునకు ఒకటి, అణు, రసాయన కాలుష్యం ఉన్నచోట తిరగడానికి ఒకటి అని మూడు రూపాలు. దీనికి ఆధారం బీఎంపీ-2 పదాతి వాహనం. ఆ వాహనాన్ని మన దేశంలో 'శరత్' పేరుతో తయారుచేసేది మెదక్ ఆయుధ కర్మాగారం. హైదరాబాద్ శివార్లలోని ఎద్దుమైలారంలో ఉన్న ఈ కర్మాగారం 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది.

కాళ్ల రోబోల్లోనూ హైదరాబాద్ పేరుంది. స్వయ రోబోటిక్స్ అనే నగర కంపెనీ డీఆర్‌డీవోకు చెందిన పుణే, బెంగళూరు ప్రయోగశాలలతో కలిసి నాలుగు కాళ్ల రోబోను, సైనికుడు తొడుక్కునే యాంత్రిక కవచాన్ని రూపొందించి 2023లో ప్రదర్శించింది. శిక్షణ సిమ్యులేటర్లకు పేరున్న జెన్ టెక్నాలజీస్ 2024లో అనుబంధ సంస్థ ఏఐ ట్యూరింగ్‌తో కలిసి 'ప్రహస్త' అనే నాలుగు కాళ్ల రోబోను తెచ్చింది. సైన్యం కొన్న 100 మ్యూల్‌లను సరఫరా చేసింది మాత్రం ఢిల్లీ కంపెనీ ఏరోఆర్క్. దాని మూలం అమెరికాలోని ఘోస్ట్ రోబోటిక్స్ రూపొందించిన 'విజన్ 60'.

అండమాన్ ఎందుకు భిన్నం?

ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా పరచుకున్న ద్వీపమాల ఇది. భూవిస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. పాత లెక్క ప్రకారం తీరరేఖ 1,962 కిలోమీటర్లు. దీవులు, రాతి దిబ్బలు కలిపి 836 ఉంటే, మనుషులు నివసించేవి 31 మాత్రమే. దక్షిణ కొసన ఉన్న గ్రేట్ నికోబార్ మలక్కా జలసంధి పడమటి ముఖద్వారానికి చేరువలో ఉంది. తూర్పు ఆసియాకు వెళ్లే చమురు, సరుకు నౌకలకు అదే దారి.

అందుకే 2001లో త్రివిధ దళాలూ కలిసి పనిచేసే తొలి కమాండ్‌ను పోర్ట్ బ్లెయిర్‌లో ఏర్పాటుచేశారు. ఆ ఊరి పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర ఐఎన్ఎస్ కోహసా, కార్ నికోబార్‌లో వైమానిక స్థావరం, దక్షిణాన క్యాంప్‌బెల్ బేలో ఐఎన్ఎస్ బాజ్ ఉన్నాయి. శ్రీ విజయపురం నుంచి క్యాంప్‌బెల్ బేకే 500 కిలోమీటర్లకు పైగా దూరం. చెన్నై, విశాఖపట్నం సుమారు 1,200 కిలోమీటర్లు. ప్రయాణికుల ఓడలో రెండున్నర, మూడు రోజులు పడుతుంది.

అంటే విశాలమైన తీరం, కొద్దిమంది సైనికులు, దూరంగా ఉన్న సరఫరా కేంద్రం. మనిషి చేసే పనిలో కొంత యంత్రానికి అప్పగించాలనిపించే పరిస్థితే. అయితే మనిషిని ఇబ్బంది పెట్టే వాతావరణమే యంత్రాన్నీ ఇబ్బంది పెడుతుంది.

ఏ పనులకు పనికొస్తాయి?

మొదటిది ఒడ్డు నుంచి లోపలికి సరుకు చేరవేత. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ నిర్మించిన ఎనిమిది ల్యాండింగ్ క్రాఫ్ట్ యుటిలిటీ నౌకలు 2017 నుంచి 2021 వరకు వరుసగా నౌకాదళంలో చేరాయి. అవి అండమాన్ కమాండ్ కిందే పనిచేస్తాయి. ట్యాంకును సైతం నేరుగా ఒడ్డుకు దించగలవు. రేవు లేని దీవిలో నౌక ముందుభాగం తెరుచుకున్నాక నీళ్ల డబ్బాలు, మందుగుండు, జనరేటర్ లోపలికి చేరాలంటే మనుషులే మోయాలి, లేదా రోడ్డు కావాలి. మూడు, నాలుగు వందల కిలోలు మోసే చిన్న పట్టాల వాహనానికి ఇది తగిన పని. 15 కిలోలు మోసే కాళ్ల రోబో ఇక్కడ అక్కరకు రాదు.

రెండోది స్థావరాల కాపలా. రన్‌వే చుట్టూ, ఇంధన ట్యాంకుల దగ్గర, రాడార్ కేంద్రం కంచె వెంట రాత్రంతా తిరుగుతూ కెమెరా, ఉష్ణ చిత్రాలు పంపడం. దారి ముందే తెలుసు, అడ్డంకులు తక్కువ. ఇప్పటి సాంకేతికతతో నమ్మకంగా చేయించగల పని ఇదే.

మూడోది బాంబులు, ప్రమాదకర వస్తువుల తొలగింపు. సంఖ్య తక్కువైనా అవసరం తప్పదు. ప్రధాన భూభాగం నుంచి బృందం వచ్చేదాకా ఆగే వీలు దీవుల్లో ఉండదు.

నాలుగోది విపత్తు సహాయం. 2004 డిసెంబరు 26 సునామీలో కార్ నికోబార్ వైమానిక స్థావరంలో సిబ్బంది, కుటుంబ సభ్యులు కలిపి వందమందికి పైగా చనిపోయారు. భూకంపానికి గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ ప్రాంతం నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. రేవులు, రోడ్లు కొట్టుకుపోయాయి. శిథిలాల్లోకి దూరే, కూలిన రేవు మీదుగా మందులు మోసే యంత్రం విలువ అప్పుడే తెలుస్తుంది. పైగా ఈ పనికి కొనేవాళ్లు సైన్యం ఒక్కటే కాదు. జాతీయ విపత్తు స్పందన దళం, అగ్నిమాపక శాఖ, ఓడరేవులు, చమురు సంస్థలు కూడా.

యంత్రానికి ఎదురయ్యే పరీక్షలు

అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌తో పోలిస్తే మూడు రెట్లకు పైగా. రెండు రుతుపవనాలూ తడుపుతాయి కనుక మే నుంచి డిసెంబరు దాకా తేమ వదలదు. ఉప్పుగాలి కనెక్టర్లను తినేస్తుంది. కెమెరా అద్దాల లోపల, సర్క్యూట్ బోర్డుల మీద బూజు పడుతుంది. సైనిక ఎలక్ట్రానిక్ పరికరాలకు మన దేశంలో పాటించే జేఎస్ఎస్ 55555 ప్రమాణంలో ఉప్పు తుప్పు, బూజు పరీక్షలు ఉన్నాయి. కానీ ప్రయోగశాల పెట్టెలో కొన్ని రోజులు నిలవడం వేరు, క్యాంప్‌బెల్ బేలో రెండు వర్షాకాలాలు గడపడం వేరు.

నేల సంగతి మరొకటి. చక్రాలు తడి ఇసుకలో దిగబడతాయి. కాళ్ల రోబో రాళ్ల మీద, మెట్ల మీద చురుగ్గా నడుస్తుంది. మడ అడవి బురదలో పాదం ఇరుక్కుంటే దాని మోటారు వేడెక్కుతుంది. పట్టాల వాహనం బురదను తట్టుకుంటుంది, కానీ ఊడవేళ్లు చుట్టుకుంటే ఆగిపోతుంది. కాబట్టి ఒకే యంత్రం అన్ని దీవులకూ సరిపోదు.

అన్నిటికన్నా క్లిష్టమైంది సమాచార సంబంధం. సిరియాలో 2018లో రష్యా పరీక్షించిన 'ఉరాన్-9' సాయుధ రోబో కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి నడవాల్సింది. కట్టడాల మధ్య 300 నుంచి 500 మీటర్లలోనే సంబంధం తెగిపోయిందని ఆ దేశ సైనిక నిపుణులే బయటపెట్టారు. తడిసిన దట్టమైన అడవి రేడియో తరంగాలను ఇంకా ఎక్కువగా పీల్చేస్తుంది. చెన్నై నుంచి దీవులకు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దాంతో స్థావరాల మధ్య ఇంటర్నెట్ మెరుగుపడింది. అడవిలో తిరిగే రోబోకు మాత్రం ఆ కేబుల్ ఏమీ చేయలేదు. సంబంధం తెగితే ఆగిపోవాలా, వచ్చిన దారినే వెనక్కి రావాలా అన్నది రోబో తానే తేల్చుకోవాలి. ఈ సాఫ్ట్‌వేర్ బాగా రాసిన కంపెనీకే దీవుల్లో చోటు.

మార్కెట్ ఎంత?

2025-26 బడ్జెట్‌లో రక్షణకు రూ.6.81 లక్షల కోట్లు కేటాయించారు. అందులో దళాల ఆధునికీకరణకు రూ.1.48 లక్షల కోట్లు. దానిలో 75 శాతం, అంటే సుమారు రూ.1.11 లక్షల కోట్లు దేశీయ కంపెనీల నుంచి కొనుగోళ్లకే ప్రత్యేకించారు. ఈ అంకెలు చూసి సంబరపడే ముందు ఒక సంగతి గమనించాలి. విమానాలు, నౌకలు, క్షిపణులు మింగేశాక మిగిలే దాంట్లో భూతల రోబోల వాటా చిన్నది. దక్ష్ తొలి ఆర్డర్ 20. మ్యూల్‌లు 100. మన కొనుగోళ్లు ఇంకా పదులు, వందల్లోనే ఉన్నాయి.

పోలికకు అమెరికాను చూద్దాం. పదాతి దళం బరువులు మోసే ఎస్-మెట్ వాహనాల కోసం 2019లో జనరల్ డైనమిక్స్‌కు 16.24 కోట్ల డాలర్ల కాంట్రాక్టు దక్కింది. 624 వాహనాలకు అంటే సగటున ఒక్కోదానికి 2.6 లక్షల డాలర్లు. అయినా రెండో తరం వాహనాల నమూనాల కోసం 2024లో అమెరికా సైన్యం వేరే రెండు కంపెనీలను ఎంచుకుంది. మొదటి ఆర్డర్ దక్కినంత మాత్రాన మార్కెట్ చేతికి వచ్చినట్టు కాదు.

అండమాన్‌కు ఇదే లెక్క వేస్తే? నాలుగు ప్రధాన స్థావరాల్లో ఒక్కోచోట పది చొప్పున పెట్టారనుకున్నా మొత్తం 40 యంత్రాలు. వీటి కోసమే డిజైన్ చేసి, అచ్చులు పోసి, పరీక్షలు జరిపించే ఖర్చు ఏ చిన్న కంపెనీకీ తిరిగి రాదు. గిట్టుబాటు కావాలంటే మూడు దారులున్నాయి. ఒకే కింది భాగంపై కాపలా కెమెరా, సరుకు పెట్టె, బాంబు తీసే చేయి మార్చి మార్చి బిగించేలా రూపొందించడం. అదే యంత్రాన్ని విపత్తు దళాలకు, ఓడరేవులకు అమ్మడం. అమ్మాక సాగే సేవను వ్యాపారంగా మలచడం.

ఈ మూడోదే పెద్దది. బ్యాటరీలు కొన్నేళ్లకోసారి మార్చాలి. పట్టాలు, సీళ్లు, కనెక్టర్లు ఉప్పుగాలికి ఇంకా త్వరగా పోతాయి. ఆపరేటర్లు బదిలీ అవుతుంటారు కనుక శిక్షణ ఆగదు. ఒక చిన్న విడిభాగం కోసం ఓడ వచ్చేదాకా రోబో మూలన పడి ఉంటే కొన్నవారికి దానిపై నమ్మకం పోతుంది. శ్రీ విజయపురంలో నౌకాదళ మరమ్మతు కేంద్రం ఉంది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. అక్కడి విద్యార్థులకే శిక్షణ ఇచ్చి సర్వీస్ కేంద్రం తెరిచే కంపెనీ, తక్కువ ధర కోట్ చేసిన పోటీదారు కన్నా ముందుంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. హైదరాబాద్, విశాఖ కంపెనీలకు అక్కడ మనుషులు దొరకడం కష్టం కాదు.

నమూనాకు, ఆర్డర్‌కు మధ్య

చిన్న కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 2018లో మొదలైన ఐడెక్స్ పథకం స్టార్టప్‌లకు రూ.1.5 కోట్ల వరకు, ఐడెక్స్ ప్రైమ్ రూ.10 కోట్ల వరకు ఇస్తుంది. 2024లో వచ్చిన అదితి పథకం కీలక సాంకేతికతలకు రూ.25 కోట్ల వరకు ఇస్తుంది. డీఆర్‌డీవో సాంకేతికత అభివృద్ధి నిధి నుంచి రూ.50 కోట్ల వరకు సాయం అందుతుంది. ఐడెక్స్, అదితిల్లో కంపెనీ కూడా తన వాటా పెట్టాలి. మేక్-2 దారిలో వెళితే అభివృద్ధి ఖర్చంతా కంపెనీదే.

నమూనా తయారీకి డబ్బు దొరుకుతుంది. తర్వాత క్షేత్ర పరీక్షలు, నాణ్యత పరీక్షలు, ధర బేరాలు. ఈలోపు ఇంజినీర్ల జీతాలు ఆగవు. అత్యవసర కొనుగోళ్లలో ఒక్కో కాంట్రాక్టుకు రూ.300 కోట్ల పరిమితి ఉంది, సరుకు త్వరగా అందించాలి. అప్పటికే తయారైన యంత్రం చేతిలో ఉన్నవారికే అది దక్కుతుంది. విదేశీ డిజైన్ మీద ఆధారపడిన మ్యూల్‌లు ముందుగా పరేడ్‌కు చేరడంలో ఆశ్చర్యం లేదు.

విడిభాగాల మూలం మరో గండం. చైనా భాగాలున్నాయన్న కారణంతో 400 సరుకు రవాణా డ్రోన్ల కోసం కుదిరిన మూడు కాంట్రాక్టులను రక్షణ శాఖ 2025 ఫిబ్రవరిలో రద్దు చేసింది. వాటి విలువ రూ.230 కోట్లకు పైమాటే. రోబోల్లో వాడే బ్యాటరీ సెల్‌లు, మోటార్ల అయస్కాంతాలు, కెమెరా మాడ్యూళ్లకు ప్రపంచమంతా చైనా మీదే ఎక్కువగా ఆధారపడుతోంది. డిజైన్ మొదలైన రోజే ఏ భాగం ఎక్కడిదో రాసిపెట్టుకోని కంపెనీకి ఆర్డర్ వచ్చాక కూడా నిద్ర ఉండదు.

ఓపిక విలువ ఎంతో ఐరోబోట్ కథ చెబుతుంది. యుద్ధాలు తగ్గి ఆర్డర్లు సన్నగిల్లాక ఆ కంపెనీ ఇల్లు ఊడ్చే రోబోల మీద దృష్టి పెట్టి, 2016లో రక్షణ విభాగాన్ని సుమారు 4.5 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఎండీవర్ అని పేరు మార్చుకున్న ఆ విభాగానికి మరుసటి ఏడాదే అమెరికా సైన్యం నుంచి 15.85 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. 2019లో ఫ్లిర్ కంపెనీ దాన్ని 38.5 కోట్ల డాలర్లకు కొన్నది. అంటే ఈ వ్యాపారంలో ఆదాయం ఏటా సమానంగా రాదు. ఆర్డర్ లేని ఏళ్లను దాటించే మరో ఆదాయం ఉన్నవారే మిగులుతారు.

ఎగుమతులకు దారి ఉందా?

2024-25లో భారత రక్షణ ఎగుమతులు రూ.23,622 కోట్లకు చేరాయి. ఇండొనేసియా, ఫిలిప్పీన్స్, వియత్నాం, మాల్దీవుల పరిస్థితులు లద్దాఖ్ కన్నా అండమాన్‌కే దగ్గర. అవే వానలు, అదే ఉప్పు, అవే చిన్న రేవులు. అక్కడ అమ్మేవారికి 'మా యంత్రం నికోబార్‌లో రెండు వర్షాకాలాలు పనిచేసింది' అనే మాట మంచి సిఫార్సు. అయితే సైనిక వస్తువుల ఎగుమతికి స్కోమెట్ జాబితా కింద అనుమతి తప్పనిసరి. ఆ గడువును కూడా కంపెనీలు ముందే లెక్కలో వేసుకోవాలి.

దాటకూడని గీతలు

అండమాన్ ఖాళీ పరీక్షా మైదానం కాదు. జారవా, సెంటినలీస్, ఓంగే, షోంపెన్ తెగల నివాస ప్రాంతాల్లోకి బయటివారి ప్రవేశాన్ని 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు నిషేధిస్తున్నాయి. మనిషి వెళ్లకూడని చోటికి కెమెరా పెట్టిన యంత్రాన్ని పంపితే ఆ రక్షణకు అర్థం ఉండదు. గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌తో తలపెట్టిన భారీ ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. ప్రాజెక్టులో భాగమైన గలతియా బే తోలుతాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. రాత్రిపూట వెలుతురుతో తిరిగే వాహనం వాటిని బెదరగొడుతుంది. పరీక్షలను స్థావరాల కంచె లోపలికే పరిమితం చేయడం మేలు.

ఇక ఆయుధం సంగతి. స్వయంచాలక మారణాయుధాలపై 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానాన్ని వ్యతిరేకించిన కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. కాల్చే నిర్ణయం మనిషిదా, యంత్రానిదా అన్న దానిపై కట్టుబడాల్సిన అంతర్జాతీయ ఒప్పందం ఇంకా లేదు. ఆ నియమాలు రేపు ఎలా మారినా, నీళ్లు మోసే రోబో మీద నిషేధం రాదు. అందుకే పెట్టుబడిదారుకు బరువులు మోసే యంత్రమే నిశ్చింత.

కంపెనీలు ఏం చూడాలి?

రాబోయే రోజుల్లో గమనించాల్సినవి మూడు. మ్యూల్‌లకు కొనసాగింపు ఆర్డర్ వస్తే అది విదేశీ డిజైన్‌కా, దేశీయ డిజైన్‌కా? సైన్యం అడిగే లక్షణాల్లో మంచు, ఎడారితో పాటు సముద్ర తీరమూ చేరుతుందా? కొనుగోలు ధరతో పాటు పదేళ్ల నిర్వహణ ఖర్చునూ టెండర్‌లో లెక్కిస్తారా? సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల కోసం తిహాన్ పరీక్షా మైదానం 2022 నుంచి ఉంది. అక్కడ నడక నేర్చిన యంత్రాన్ని క్యాంప్‌బెల్ బేలో ఏడాది పాటు వానలో వదిలి చూసే ఏర్పాటును రక్షణ శాఖ కల్పిస్తే, దానికయ్యే ఖర్చు ఒక్క యుద్ధ విమానం ధరలో చిన్న ముక్క. లాభం మాత్రం రెండు వైపులా ఉంటుంది. సైన్యానికి తాను కొంటున్నది ఏమిటో తెలుస్తుంది. కంపెనీకి తన యంత్రం ఎక్కడ తుప్పు పడుతుందో ఆర్డర్‌కు ముందే తెలుస్తుంది.